నియోజకవర్గంలో ఒక రోజు

ప్రవేశిక

చట్టసభలలో జరిగే చర్చలను మనం పత్రికలలో చదువుతాము. కాని చట్టసభలు సమావేశమయ్యేది సంవత్సరంలో కొన్ని దినాలు మాత్రమే. తక్కిన దినాలలో సభ్యుడెక్కడ ఉంటాడు, ఎవరిని కలుస్తాడు, అతని చేతిలో ఏమున్నది, ఏమి లేదు అన్న ప్రశ్నలకు పౌరశాస్త్ర గ్రంథాలలో సమాధానం తక్కువగా కనబడుతుంది. వికారాబాదులో మొదలై తాండూరులో ముగిసే ఒక పర్యటన దినాన్ని ఈ పాఠం వర్ణిస్తుంది. ఇందులోని లోక్‌సభ సభ్యుడు ఏ ఒక్క వ్యక్తీ కాడు. ఏ పక్షంవాడైనా, పురుషుడైనా స్త్రీ అయినా, ఆ దినచర్య ఇంచుమించు ఇదే. అర్జీలు ఇచ్చేవారు కూడా ఏ ఊరిలోనైనా ఎదురుపడేవారే. పేర్లతో, సంవత్సరాలతో చెప్పిన సంగతులు మాత్రం చరిత్రలో జరిగినవి.

పాఠం

అనంతగిరి కొండల మీద మంచుతెర విడిపోకముందే వికారాబాదు అతిథిగృహం ముందర చెప్పులు వరుస కడతాయి. లోపలికి పోయేవారు చెప్పులు విడవాలన్న నియమం అక్కడ ఏదీ లేదు. అయినా విడుస్తారు. అర్జీ ఇచ్చే స్థలాన్ని మన పల్లె ప్రజలు గుడినీ బడినీ చూసినట్లే చూస్తారు. ప్రతి ఒక్కరి చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. అందులో ఆధార్ కార్డు నకలు, రేషన్ కార్డు నకలు, పట్టాదారు పాసుపుస్తకం, ఇదివరకు ఇచ్చిన అర్జీల నకళ్లు. నలిగి, మడతలు పడి, చివరలు చిరిగిన ఆ కాగితాలను చూస్తే ఆ మనిషి ఎన్ని కార్యాలయాలు తిరిగి వచ్చాడో ఊహించవచ్చు.

సభ్యుడు ఏడు గంటలకు వచ్చి కూర్చుంటాడు. ఆయన ప్రక్కన స్థానిక శాసనసభ్యుడు, వెనుక ఇద్దరు సహాయకులు. మొదట ముందుకు వచ్చేది ఎప్పుడూ గట్టి గొంతు కలవారే. పార్టీ కార్యకర్తలు, గుత్తేదారులు, బదిలీ కోరే ఉద్యోగులు. వృద్ధులు గోడవారగా నిలబడి ఉంటారు. అనుభవం కల సభ్యుడు ముందుగా ఆ గోడ వైపు చూస్తాడు.

"ఏమైందవ్వా, ఇట్ల రా" అని పిలిస్తే ఒక ముసలమ్మ ముందుకు వస్తుంది.

"మూడు నెలల సంది పింఛన్ వస్తలేదు, బిడ్డా. మిషిన్ మీద ఏలిముద్ర పడుతలేదంటున్నరు. కూలి చేసిన చేతులు, అరుగవా మరి?"

వృద్ధాప్య పింఛను తెలంగాణలో 2019లో నెలకు 2,016 రూపాయలకు పెరిగింది. ఆ మొత్తం తీసికొనడానికి వేలిముద్ర ఒక గుర్తు. కందిచేలలో కలుపు తీసి, నాపరాయి మోసి అరిగిన వేళ్లను యంత్రం గుర్తించలేకపోవడం ఈ ప్రాంతంలో వింత కాదు. సభ్యుడు ఆ కాగితం మీద ఒక వాక్యం వ్రాసి సంతకం చేస్తాడు. సహాయకుడు మండలాధికారికి ఫోను కలుపుతాడు.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయాన్ని స్పష్టంగా గ్రహించాలి. లోక్‌సభ సభ్యునికి గాని, శాసనసభ్యునికి గాని పింఛను మంజూరు చేసే అధికారం లేదు. పాసుపుస్తకంలో తప్పు దిద్దే అధికారం లేదు. ఆసుపత్రిలో పడక ఇప్పించే అధికారమూ లేదు. ఆయన చేయగలిగినది సిఫారసు. మంజూరు చేసేవాడు అధికారి. ఆ అధికారికి నేరుగా అర్జీ ఇవ్వడానికి ప్రతి సోమవారం కలెక్టరు కార్యాలయంలో 'ప్రజావాణి' ఉన్నది. మరి ప్రజలు ఇక్కడికి ఎందుకు వస్తారు? కార్యాలయంలో తమ కాగితం ఒక కట్టలోని కాగితం మాత్రమేనని వారికి తెలుసు. దాని మీద ఒక పేరు పడితే అది కదులుతుందని కూడా తెలుసు. హక్కుగా రావలసినది సిఫారసుతో రావడం ఆ ముసలమ్మకు మేలు చేయవచ్చు. మన పరిపాలనకు మాత్రం అది మెచ్చుకోలు కాదు.

శాసనసభ్యుని వంతు తరువాత వస్తుంది. కల్యాణలక్ష్మి చెక్కుల పంపిణీ. 2014 అక్టోబరు 2న మొదలైన ఈ పథకం క్రింద తొలుత 51 వేల రూపాయలు ఇచ్చారు. 2018 నుండి అది 1,00,116 రూపాయలైనది. తల్లి పేరున వచ్చే ఆ చెక్కును శాసనసభ్యుడు స్వయంగా అందజేస్తాడు, ఛాయాచిత్రం తీయించుకొంటాడు. ధనం ఖజానాది, అందించే చెయ్యి మాత్రం నాయకునిది. బ్యాంకు ఖాతాలో నేరుగా జమ చేయదగిన సొమ్మును వేదిక మీద ఎందుకు ఇస్తారని అడిగే యువకులు ఇప్పుడు అక్కడక్కడ కనబడుతున్నారు. అడగవలసిన ప్రశ్నే.

తొమ్మిది గంటలకు వాహనాలు కదులుతాయి.

ఈ నియోజకవర్గపు స్వరూపాన్ని గూర్చి కొంత చెప్పవలసి ఉన్నది. 2008లో జరిగిన పునర్విభజన వలన చేవెళ్ల లోక్‌సభ స్థానం ఏర్పడింది. మహేశ్వరం, రాజేంద్రనగర్, శేరిలింగంపల్లి, చేవెళ్ల, పరిగి, వికారాబాద్, తాండూరు అనే ఏడు శాసనసభా స్థానాలు దీని క్రిందికి వస్తాయి. 2009లో ఇక్కడి నుండి తొలిసారి గెలిచినవారు సూదిని జైపాల్ రెడ్డి. శేరిలింగంపల్లిలో అద్దాల మేడలలో కంప్యూటరు సంస్థలు. తాండూరు, బషీరాబాదు వైపు కర్ణాటక సరిహద్దున నల్లరేగడి చేలు. ఈ రెండింటికీ ఢిల్లీలో ఒకే గొంతు. శేరిలింగంపల్లి ఓటర్ల సంఖ్య తాండూరు ఓటర్లకు సుమారు మూడు రెట్లు. సంఖ్య ఉన్న చోటికి నాయకుని చూపు పోవడం సహజం. తాండూరు వైపు ప్రయాణం చేసే ఈ ఒక్క దినానికి గల విలువ ఆ అంకెలలోనే తెలుస్తుంది.

మరొక లెక్క కూడా చూడండి. పార్లమెంటు సభ్యుల స్థానికాభివృద్ధి నిధి పథకం 1993 డిసెంబరులో మొదలైనది. 2011-12 నుండి ఒక్కొక్క సభ్యునికి సంవత్సరానికి ఐదు కోట్ల రూపాయలు. అందులో 15 శాతం షెడ్యూల్డు కులాలవారు, 7.5 శాతం షెడ్యూల్డు తెగలవారు నివసించే ప్రాంతాలకు కేటాయించాలి. పని సూచించడం వరకే సభ్యుని వంతు. మంజూరు చేసి జరిపించేది జిల్లా యంత్రాంగం. ఐదు కోట్లు అనగానే పెద్ద మొత్తంగా తోస్తుంది. 2024 ఎన్నికల నాటికి చేవెళ్ల స్థానంలో ఓటర్లు 29 లక్షలకు పైగా ఉన్నారు. భాగించి చూస్తే సంవత్సరానికి ఓటరుకు పదిహేడు రూపాయలు. ఏడు శాసనసభా స్థానాలకు సమానంగా పంచినా ఒక్కొక్క దానికి డెబ్బైయొక్క లక్షలు. ప్రతి గ్రామం ఒక సామూహిక భవనం అడుగుతుంది, ప్రతి తండా ఒక రోడ్డు అడుగుతుంది. కాబట్టి ఈ దినమంతా సభ్యుడు చేసే పనిలో పెద్ద భాగం 'చూద్దాము' అని చెప్పడమే. ఎవరికి చూద్దామనాలి, ఎవరికి కాదనాలి అన్నదానిలో ఆయన స్వభావం బయటపడుతుంది. కాదని సూటిగా చెప్పే నాయకుణ్ణి ఆ పూట జనం తిట్టుకొంటారు గాని, మరుసటి సంవత్సరం ఆయన మాటనే నమ్ముతారు.

వికారాబాదు నుండి ధారూరు మీదుగా, పెద్దేముల్ మీదుగా తాండూరు పోయే మార్గం అడవుల అంచున సాగుతుంది. ఈ అనంతగిరి కొండలలోనే మూసీనది పుట్టింది. హైదరాబాదు నడుమ మురికితో పారే ఆ నది జన్మస్థలం ఇంత పచ్చగా ఉంటుందని చూడనివారు నమ్మరు. మూసీ తూర్పుగా కృష్ణలో కలవడానికి పోతుంది. తాండూరు ప్రక్కన పారే కాగ్నా పడమటగా పోయి భీమలో కలుస్తుంది.

ధారూరు దాటిన తరువాత ఒక తండా వద్ద వాహనాలు ఆగుతాయి. లంబాడా స్త్రీలు హారతి పడతారు. డప్పుల చప్పుడు నడుమ శంకుస్థాపన. ఈ శిలాఫలకాల మీద ఒక చిన్న అధ్యయనమే చేయవచ్చు. అందులో ముఖ్య అతిథి పేరు పెద్ద అక్షరాలలో, తక్కినవారి పేర్లు హోదాను బట్టి చిన్న అక్షరాలలో ఉంటాయి. ఎవరి పేరైనా మరచిపోయినా, ఒక వరుస క్రిందికి దిగినా పెద్ద రగడ. పని ఎప్పుడు పూర్తి కావాలన్న తేదీని మాత్రం ఏ ఫలకం మీదా చెక్కరు. కొన్ని ఊళ్లలో ఒకే రోడ్డుకు రెండు మూడు ఫలకాలు ప్రక్క ప్రక్కనే నిలబడి ఉంటాయి, వేరువేరు ప్రభుత్వాలవి. ఊరివారు వాటి మీద బట్టలు ఆరవేసికొంటారు.

తండా పెద్ద నాయక్ అడుగుతాడు: "సార్, పంచాయతీ అయితే ఇచ్చిన్రు. ఆఫీసుకు బిల్డింగ్ లేదు. పోరగాండ్లు బస్సు కోసం మెయిన్ రోడ్డు దాకా నడిచిపోతున్నరు. ఆడపిల్లల సదువు పదో తరగతికే ఆగిపోతున్నది."

2018 పంచాయతీరాజ్ చట్టం వలన తెలంగాణలో అనేక తండాలు ప్రత్యేక గ్రామ పంచాయతీలైనవి. మొత్తం పంచాయతీల సంఖ్య 12,700 దాటింది. తమ ఊరికి తామే సర్పంచి కావడం ఆ ప్రజలకు గొప్ప గౌరవం. అయితే 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసిన తరువాత 2025 డిసెంబరు వరకు ఎన్నికలు జరుగలేదు. దాదాపు రెండు సంవత్సరాలు ప్రత్యేకాధికారులే పాలించారు. ఆ కాలంలో వీధిదీపం వెలుగకపోయినా అడగడానికి ఊళ్లో ఎన్నికైన మనిషి లేడు. ఆ భారమంతా శాసనసభ్యుని ఇంటి ముందుకు, లోక్‌సభ సభ్యుని పర్యటన మీదికి వచ్చి పడింది. క్రింది మెట్టు ఖాళీగా ఉంటే పై మెట్టు మీద రద్దీ పెరగక తప్పదు.

ఈ సందర్భంలో ఒక పాత సంగతి గుర్తుకు వస్తుంది. 1959 అక్టోబరు 11న జవహర్‌లాల్ నెహ్రూ ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించినది షాద్‌నగర్‌లో. ఆ పట్టణం ఇక్కడికి మరీ దూరమేమీ కాదు. ఢిల్లీ నుండి ప్రధానమంత్రి వచ్చి, ఇకమీదట మీ ఊరి సంగతులు మీరే చూసికొనే ఏర్పాటు ఇది అని ఆరంభించిన వ్యవస్థకు ఆరున్నర దశాబ్దాల తరువాత కూడా ఊరి రోడ్డు కోసం ఢిల్లీ సభ్యుని వాహనం ఆపవలసి వస్తున్నది.

తండా నుండి బయలుదేరిన తరువాత సభ్యుడు ఒక ఇంటికి పరామర్శకు పోతాడు. పర్యటనలో ఛాయాచిత్రకారుడు అవసరం లేని భాగం ఇది ఒక్కటే. నిజానికి ఉండకూడదు కూడా. ఇంటి పెద్ద పోయిన గడపలో చాప మీద కూర్చుని, "ఎట్లయింది?" అని ఒక్క మాట అడిగి, చెప్పింది విని లేస్తాడు. పల్లెలలో ఈ పరామర్శను జనం ఏళ్ల తరబడి జ్ఞాపకముంచుకొంటారు. పెండ్లికి రాకపోతే క్షమిస్తారు, చావుకు రాకపోతే క్షమించరు.

రోడ్డు అర్జీని తేలికగా తీసికొనరాదని ఈ ప్రాంతం చాలా దుఃఖంతో నేర్చుకొన్నది. 2025 నవంబరు 3, సోమవారం. తెల్లవారుజామున తాండూరు నుండి హైదరాబాదుకు బయలుదేరిన ఆర్టీసీ బస్సును చేవెళ్ల మండలం మీర్జాగూడ వద్ద కంకర లారీ ఎదురుగా వచ్చి ఢీకొన్నది. లారీలోని కంకర బస్సులోని ప్రయాణికుల మీద పడింది. పందొమ్మిది మంది మరణించారు. వారిలో హైదరాబాదులో చదువుకొంటున్న విద్యార్థినులు కూడా ఉన్నారు. మీవంటి వయసువారు, సెలవుకు ఇంటికి వచ్చి తిరిగి తరగతులకు పోతున్నవారు.

బీజాపూరు రహదారిగా పేరు పొందిన ఆ మార్గాన్ని నాలుగు వరుసలుగా విస్తరించాలన్న కోరిక చాలా సంవత్సరాలది. దారికి ఇరువైపుల వందలాది మర్రిచెట్లు ఉన్నవి. నీడనిచ్చే ఆ వృక్షాలను కాపాడాలని ప్రకృతి ప్రేమికులు హరిత న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. విస్తరణ ఏళ్ల తరబడి నిలిచిపోయింది. రెండు వైపులా న్యాయమున్న వివాదమిది. చెట్లను నరకవద్దనడం తప్పు కాదు, ఇరుకు దారిలో ప్రాణాలు పోతున్నాయనడం అబద్ధం కాదు. చెట్లను ప్రక్కన విడిచి దారిని మరల్చడం, కొన్నిటిని వేళ్లతో తీసి వేరొక చోట నాటడం వంటి మార్గాలు వెదకి, అందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి త్వరగా తేల్చడమే ప్రజాప్రతినిధి చేయవలసిన పని. ఆ పని ఆలస్యమైనది. ప్రమాద స్థలానికి వచ్చిన నాయకులను స్థానికులు నిలదీశారు. పరామర్శకు వచ్చినవారి మీద కోపమెందుకని కొందరు ఆశ్చర్యపడ్డారు. ఆ కోపం ఆ దినానిది కాదు, పాత అర్జీలది.

మధ్యాహ్నం సమావేశం. మండల పరిషత్తులు ఉన్న కాలంలో సర్వసభ్య సమావేశానికి శాసనసభ్యుడు, లోక్‌సభ సభ్యుడు కూడా హాజరవుతారు. చట్టప్రకారం వారికి అందులో స్థానం ఉన్నది. అక్కడ విద్యుత్తు శాఖ, మిషన్ భగీరథ, వైద్యం, వ్యవసాయం అని శాఖలవారీగా అధికారులు నివేదికలు చదువుతారు. నివేదికలో ఊరూరా నీరు వస్తుంది. వెనుక వరుసలోని సభ్యురాలు లేచి, "మా ఊళ్ల ఆరు దినాల సంది నల్లా బంద్ ఉన్నది" అంటుంది. అధికారి కాగితం వైపు చూస్తాడు, సభ్యుడు అధికారి వైపు చూస్తాడు. ఈ కొన్ని క్షణాలలోనే అసలు పని జరుగుతుంది. మహిళలకు సగం స్థానాలు కేటాయించిన తరువాత ఇటువంటి ప్రశ్నలు పెరిగినవి. ఆమెకు బదులుగా ఆమె భర్త కుర్చీలో కూర్చుండే దుర్లక్షణం ఇంకా పూర్తిగా పోలేదు. స్త్రీకి అవకాశం దక్కితే ఎంత దూరం పోగలదో చూపిన ఉదాహరణ ఈ ప్రాంతంలోనే ఉన్నది. 2000లో పట్లోళ్ల ఇంద్రారెడ్డి రోడ్డు ప్రమాదంలో మరణించగా, అదే సంవత్సరం చేవెళ్ల ఉప ఎన్నికలో గెలిచి రాజకీయాలలోకి వచ్చిన సబితా ఇంద్రారెడ్డి 2009లో ఆంధ్రప్రదేశ్ హోం మంత్రి అయినారు.

సమావేశం ఎక్కడ పెట్టాలి అన్నది చిన్న విషయంగా కనబడుతుంది. కాదు. 2024 నవంబరు 11న ఇదే జిల్లాలో దుద్యాల మండలం లగచర్లకు, ఔషధ పరిశ్రమల కొరకు తలపెట్టిన భూసేకరణపై అభిప్రాయాలు తెలిసికొనడానికి కలెక్టరు, ఇతర అధికారులు వెళ్లారు. సభను ఊరి వెలుపల ఏర్పాటు చేశారు. రైతులు అక్కడికి రాక ఊరిలోనే ఉండిపోయారు. అధికారులు ఊరిలోకి వెళ్లినప్పుడు వారి మీద దాడి జరిగింది. దాడి నేరమే, దానికి సమర్థన లేదు. అనేకులు అరెస్టయ్యారు. అదే నెల చివర ప్రభుత్వం ఆ భూసేకరణ ప్రకటనను ఉపసంహరించుకొన్నది. భూమి పోతుందని భయపడుతున్నవారిని పిలిచి, తమ చెట్టు క్రింద కాక మరొక చోట వేసిన డేరాలో మాట్లాడమంటే, ఆ మాట సగం దారిలోనే నిలిచిపోతుంది. ఒక ప్రజాప్రతినిధి నెలకొకసారి ఆ ఊరి రచ్చబండ మీద కూర్చునే అలవాటు కలవాడైతే అటువంటి దినానికి ముందే ఊరి మనసు ఆయనకు తెలిసి ఉండేది.

నాలుగు గంటలకు తాండూరు. పట్టణం సమీపించే కొద్దీ గాలి మారుతుంది. రాతి గనుల నుండి, కోత యంత్రాల నుండి లేచే తెల్లని దుమ్ము చెట్ల ఆకుల మీద, దుకాణాల మీద పరచుకొని ఉంటుంది. తెలుగు దేశంలో అనేక ఇండ్ల క్రింద పరచినది ఈ తాండూరు బండయే. వాకిలి తుడిచి, నీళ్లు చల్లితే చల్లగా మెరిసే ఆ నీలపు రాయి వెనుక దుమ్ము పీల్చిన కూలీల ఊపిరితిత్తులు ఉన్నవి. ఇక్కడి సున్నపురాయి వలననే సిమెంటు కర్మాగారాలు వచ్చినవి. ఉపాధి కావాలి, ఊపిరి కూడా కావాలి అన్నది తాండూరు అర్జీ. వీధిలో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వినబడతాయి. దుకాణదారుడు ఒక వాక్యంలోనే మూడింటినీ కలుపుతాడు.

వ్యవసాయ మార్కెట్టు ఆవరణలో రైతులు కాచుకొని ఉంటారు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. సున్నపురాతి పొరల మీది నల్లరేగడి నేల వలన ఈ పప్పుకు ప్రత్యేకమైన రుచి ఉన్నదని, త్వరగా ఉడుకుతుందని ప్రసిద్ధి. గుర్తింపు వచ్చింది, ధర వచ్చిందా అన్నది రైతు ప్రశ్న. కేంద్రప్రభుత్వం కందికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2024-25లో 7,550 రూపాయలు, 2025-26లో 8,000 రూపాయలు.

"ధర కాగితం మీద ఉన్నది సార్. మేము కంది తెచ్చేసరికి కొనుగోలు కేంద్రం తెరువరు. తెరిచేసరికి మా కంది సేటు గోదాములో ఉంటది" అంటాడు ఒక రైతు.

మద్దతు ధర నిర్ణయించేది కేంద్రం. కాబట్టి ఈ అర్జీ లోక్‌సభ సభ్యుని చేతిలో పడవలసినదే. పొద్దుటి నుండి వచ్చిన అర్జీలలో ఎక్కువ భాగం వార్డు సభ్యుడు, సర్పంచి, మండలాధికారి స్థాయిలో తీరవలసినవి. నిజంగా ఢిల్లీకి పోవలసిన అర్జీ సాయంత్రం నాలుగున్నరకు వచ్చింది. అప్పటికి సభ్యుడు అలసిపోయి ఉన్నాడు. అలసిపోయిన చెవితో ఈ మాట వింటాడా, లేదా అన్నదాని మీద ఎన్నో కుటుంబాల సంవత్సరపు ఆదాయం ఆధారపడి ఉన్నది.

చీకటి పడుతుండగా బహిరంగసభ. మాట మీద బ్రతికే వృత్తి రాజకీయం. అయితే మాటకు హద్దు ఉన్నదని దేశానికి తెలియజెప్పిన ఒక ప్రసిద్ధ తీర్పుకు ఈ తాండూరు ఎన్నికే కారణమైంది. వికారాబాదు ప్రాంతపు సిరిపురంలో 1919లో జన్మించిన మర్రి చెన్నారెడ్డి వైద్యవిద్య అభ్యసించి, 1952లో వికారాబాదు నుండి హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు ఎన్నికై, బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో వ్యవసాయ మంత్రి అయినారు. 1967లో తాండూరు నుండి శాసనసభకు పోటీ చేసి గెలిచారు. ఆయన చేతిలో ఓడినవారు వందేమాతరం రామచంద్రరావు. నిజాం కాలంలో చెరసాలలో దెబ్బలు తింటూ వందేమాతరం పలికినందున ఆ మాటయే ఇంటిపేరైన దేశభక్తుడు.

ఓడిన అభ్యర్థి అల్లరి చేయలేదు, ఎన్నికల పిటిషను వేశారు. అంతకుముందు ఇటువంటి వివాదాలను ప్రత్యేక ట్రిబ్యునళ్లు విచారించేవి. 1966 సవరణతో ఆ పని హైకోర్టులకు అప్పగించారు. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951 లోని 123వ సెక్షను ప్రకారం లంచమివ్వడం, బెదిరించడం, మతం, కులం, భాష పేరున ఓటు అడగడం వంటివి అవినీతికర చర్యలు. 1968లో హైకోర్టు చెన్నారెడ్డి ఎన్నిక చెల్లదని తీర్పు ఇచ్చింది. అప్పటికి ఆయన కేంద్రంలో ఉక్కు, గనుల మంత్రి. పదవికి రాజీనామా చేయవలసి వచ్చింది. సుప్రీంకోర్టులోనూ ఆయనకు ఊరట లభించలేదు. ఆరు సంవత్సరాలు ఎన్నికలలో పోటీ చేసే అర్హత పోయింది.

కథ అంతటితో ముగియలేదు. పోటీ చేయడానికి అర్హత లేకపోయినా 1969 తెలంగాణ ఉద్యమంలో ఆయన ముఖ్య నాయకులైనారు. ఆయన నాయకత్వంలోని తెలంగాణ ప్రజా సమితి 1971 లోక్‌సభ ఎన్నికలలో పది స్థానాలు గెలిచింది. తరువాత 1978లో, మళ్లీ 1989లో ముఖ్యమంత్రి పదవి చేపట్టారు. 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా ఏర్పడినది ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలోనే. 2016 అక్టోబరు 11న ఆ జిల్లా నుండి వికారాబాదు జిల్లా వేరైనది. ఒక తీర్పు నాయకుణ్ణి ఆపినది, ప్రజల ఓటు తిరిగి నిలబెట్టినది. ఈ రెండింటిలో ఏది సబబు అని వాదించుకొనేవారు ఇప్పటికీ ఉన్నారు. నా అభిప్రాయంలో రెండూ తమ తమ పని చేసినవి.

సభలో ప్రసంగం ఇరువది నిమిషాలు. పదయాత్రల ప్రస్తావన రాకుండా ఉండదు. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్లలో మొదలుపెట్టి జూన్‌లో ఇచ్ఛాపురంలో ముగించిన పాదయాత్ర సుమారు 1,500 కిలోమీటర్లు సాగింది. మరుసటి సంవత్సరం ఆయన ముఖ్యమంత్రి అయినందున చేవెళ్ల శుభస్థానమన్న నమ్మకం నాయకులలో పాతుకొన్నది. 2021లో ఆయన కుమార్తె షర్మిల కూడా ఇక్కడి నుండే నడక మొదలుపెట్టారు. శకునం సంగతి ఎట్లున్నా, నడిచేవానికి వాహనంలో పోయేవానికి కనబడనివి కనబడతాయి. దుమ్ము ఎంత ఉన్నదో అద్దం ఎత్తిన కారులోనివానికి తెలియదు.

రాత్రి తొమ్మిదిన్నరకు వాహనం తిరుగు ప్రయాణం పడుతుంది. వెనుక సీటులో సహాయకుడు దీపం వేసికొని ఆనాటి అర్జీలను వేరు చేస్తుంటాడు. రోడ్లు ఒక కట్ట, భూములు ఒక కట్ట, ఉద్యోగాలు ఒక కట్ట. ఉద్యోగాల కట్టయే లావు. కంది రైతు ఇచ్చిన కాగితాన్ని విడిగా తీసి సభ్యునికి ఇస్తాడు. ఆయన దానిని మడిచి జేబులో పెట్టుకొంటాడు. అడుగున పొద్దుటి ముసలమ్మ కాగితం కనబడుతుంది. మండలాధికారి ఫోనులో ఏమన్నాడని సభ్యుడు అడుగుతాడు.

"లిఫ్ట్ చేయలేదు సార్. రేపు మళ్లీ చేస్తా."

"రేపు కాదు, ఇప్పుడే చెయ్యి."

"టైము పది అవుతున్నది సార్."

"ఆ అవ్వకు మూడు నెలలైంది."

సహాయకుడు ఫోను తీస్తాడు. ధారూరు అడవిలో సిగ్నలు ఉండదు. వికారాబాదు దీపాలు కనబడేవరకు ఆగి, మళ్లీ ఆ అంకెలు నొక్కుతాడు.

అర్థాలు

అర్జీ = వినతిపత్రం; సిఫారసు = ఒకరి కొరకు మరొకరికి చెప్పే అనుకూలమైన మాట; గుత్తేదారు = పనిని ఒప్పందంపై చేయించేవాడు; పరామర్శ = దుఃఖంలో ఉన్నవారిని పలకరించుట; రచ్చబండ = ఊరివారు కూడి మాట్లాడుకొనే చోటు; సంది = నుండి (తెలంగాణ వాడుక); నల్లా = కుళాయి; బంద్ = నిలిచిపోవుట.

ప్రశ్నలు

1. ముసలమ్మ పింఛను విషయంలో లోక్‌సభ సభ్యునికి గల అధికారం ఎంత? ఆమె ఆయన వద్దకే ఎందుకు వచ్చింది?

2. మర్రిచెట్ల వివాదంలో ఇరుపక్షాల వాదనలను మీ మాటలలో వ్రాయండి. మీరు ప్రతినిధి స్థానంలో ఉంటే మొదట ఎవరిని కలుస్తారు?

3. 1967 తాండూరు ఎన్నిక గురించి పది పంక్తులలో వ్రాయండి.

4. మీ ఊరిలోని ఒక సమస్యను గూర్చి అర్జీ వ్రాయండి. అది వార్డు సభ్యునికి, సర్పంచికి, శాసనసభ్యునికి, లోక్‌సభ సభ్యునికి, వీరిలో ఎవరికి ఇవ్వవలసినదో కారణంతో తెలపండి.